గోడకు తిప్పిన సైకిల్

2 మే 2000, మంగళవారం

జనాభా లెక్కల పని నా మెడకు చుట్టారు. వేసవి సెలవుల్లో టీచర్లకు వేరే పనేముంటుందని ఎవరికో తోచి ఉంటుంది. మా హెడ్మాస్టర్ గోవిందయ్య సారే సూపర్వైజరు కాబట్టి కాదనడానికి వీల్లేకపోయింది. ఇప్పుడు చేసేది మనుషుల లెక్క కాదట, ఇళ్ళ లెక్క. గోడ మట్టిదా ఇటుకదా, వెలుతురు కరెంటుదా కిరసనాయిలుదా, నీళ్ళు ఎక్కడివి, రేడియో ఉందా, టీవీ ఉందా, సైకిల్ ఉందా. ఉంటే ఒకటి వేయాలి, లేకపోతే రెండు. ఒకటో తరగతి పిల్ల కూడా చేయగల పని.

నాకు మా ఊరే పడింది. రెండు వీధులు, నూట పద్దెనిమిది ఇళ్ళు. ఇళ్ళు చూపించడానికి బడి ఊడ్చే తాయమ్మ నాతో వస్తుంది. ఆమె నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. సగం రోజుకే నాకు తలనొప్పి వచ్చింది.

మా ఇల్లు నలభై మూడోది. ఆ ఫారం చివర్లో నింపుకుంటాను.

4 మే, గురువారం

ఎగువ వీధి పూర్తయింది. పాలు పోసే ఇళ్ళన్నింట్లోనూ సైకిల్ ఉంది. భూమి ఎక్కువున్న ఇళ్ళలో సైకిల్ పోయి మోపెడ్ వచ్చింది. కూలికి పోయేవాళ్ళలో పాకాల దాకా పోవాల్సినవాళ్ళకు ఉంది, ఊళ్ళోనే పని దొరికేవాళ్ళకు లేదు. ఒట్టి ఆడవాళ్ళే ఉండే ఇళ్ళలో ఒక్కదాంట్లోనూ లేదు. మొత్తానికి ఆస్తిని బట్టి కాదు, పొద్దున్నే ఆ గడప దాటి ఎవరు ఎంత దూరం పోవాలో దాన్ని బట్టి సైకిల్ ఉంటుంది. ఇది ఏ ఆఫీసరూ నన్ను అడగడు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి మహిత మళ్ళీ అదే పాట. ఏడో తరగతి పాసైంది, ఎనిమిదికి పాకాల హైస్కూలుకు పోవాలి. నాలుగు మైళ్ళు. బడి గంట తొమ్మిదిన్నరకు, మా ఊరికి మొదటి బస్సు పదిన్నరకు.

"నాయన సైకిల్ ఉండాది గదమా. నేను నేర్చుకుంటా."

"మీ నాయన వచ్చి నా సైకిలేదీ అంటే ఏం చెప్పాలి?"

మహిత కంచం ముందు తల వంచుకుని కూర్చుంది. ఆయన వచ్చాక అడుగుదాంలే అన్నాను. తప్పుగా ఏమీ అనలేదు.

ఆయన రేణిగుంటలో గోడౌను పనికని వెళ్ళి పదమూడు నెలలు. సైకిల్ పాకాల బస్టాండు పక్కన స్టాండులో పెట్టి బస్సెక్కారు. పది రోజులు చూసి స్టాండు మనిషే దాన్ని ఇంటికి చేర్చాడు. అప్పటి నుంచి నడవలో ఉంది. రోజూ తుడుస్తాను. ఆదివారం గాలి కొడతాను. ఎవరైనా అడిగితే సైకిల్ ఉంది, ఆయన వస్తే తీసుకుంటారు అంటాను.

6 మే, శనివారం

దిగువ వీధిలో ఒక వింత.

వసంతమ్మ ఇల్లు. మొగుడు పెంచలయ్య పాకాలకు పాలు పోసేవాడు, రెండేళ్ళ కిందట చేనులో పాము కరిచి పోయాడు. వరుసగా అన్నీ అడిగాను. సైకిల్ ఉందా అన్నాను.

"లేదు టీచరమ్మా."

ఆమె వెనకే ఉంది సైకిల్. ముందు చక్రం గోడకు ఆనించి, హ్యాండిల్ గోడ వైపు తిప్పి, మూలన నిలబడ్డ పిల్లాడిలా ఉంది. మరి అదేమిటమ్మా అన్నాను.

"అది లేదు టీచరమ్మా. లేదనే రాయండి."

తాయమ్మ నా మోచెయ్యి గిల్లింది. బయటికి వచ్చాక చెప్పింది. "ఎక్కే మనిషి పోతే ఆ సైకిల్‌ని గోడకు తిప్పేస్తారు టీచరమ్మా. మళ్ళా ఇంట్లోవాళ్ళు ఎవురన్నా ఎక్కిందాకా, ఎవురడిగినా లేదనాల. ఉండాది అనకూడదు."

"ఎందుకు?"

"ఉండాది అంటే పిలిచినట్టు."

పదహారేళ్ళుగా ఈ ఊరి పిల్లలకు సైన్సు చెప్తున్నాను. నాకు ఒళ్ళు మండింది. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదని రాస్తే అది లెక్క ఎట్లా అవుతుంది? ఆ గడప ముందే నిలబడి సిరాతో ఒకటి వేశాను. గట్టిగా చదివి వినిపించాను కూడా. సైకిల్, ఉంది.

వసంతమ్మ నా కలం వైపు చూసింది. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

7 మే, ఆదివారం

ఆయన సైకిలుకు గాలి కొడదామని పంపు తీశాను. రెండు చక్రాలూ రాయిలా గట్టిగా ఉన్నాయి. పోయిన ఆదివారం నేను కొట్టిన గాలి ఇన్నాళ్ళు నిలవదు, వెనక ట్యూబుకు చిన్న బెజ్జం ఉంది. ఎవరైనా కొట్టారేమో. మహితను అడగలేదు.

తుడుస్తుంటే, ఆయన వెళ్ళిన వారానికి పోలీసులు కబురు పెట్టిన రోజు గుర్తుకు వచ్చింది. తిరుపతిలో, పెద్దాసుపత్రిలో. రేణిగుంట రోడ్డు మీద ఎవరినో లారీ కొట్టిందట, ముఖం చూసే స్థితిలో లేదు, చొక్కా చూపించారు. ఆ చొక్కా పై గుండీ నీలం దారంతో కుట్టి ఉంది. ఆయన చొక్కాకు నేను కుట్టింది తెల్ల దారంతో. మావాడు కాదని చెప్పి వచ్చేశాను. ఎవరిదో పాపం.

10 మే, బుధవారం

మిట్టమధ్యాహ్నం వసంతమ్మ వచ్చింది. ఎండలో చెప్పులు కూడా లేకుండా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరు రాసిన కాడి నుంచి రెండు గంటలకి బెల్లు మోగతా ఉండాది టీచరమ్మా. మా ఆయప్ప పాకాల నించి వచ్చేటప్పుడు మలుపు కాడ మూడుసార్లు కొడతా ఉండె. అన్నం పెట్టు అని. అట్లే మూడుసార్లు."

"వీధిలో ఇంకెవరికీ బెల్లు లేదా?"

"ఆయప్ప బెల్లు నాకు తెలీదా? బయటికొచ్చి చూస్తే ఎవురూ ఉండరు. లోపలికొస్తే హ్యాండిలు వాకిలి పక్క తిరిగి ఉంటాది. నేను గోడకు తిప్పతా, మళ్ళా తిరిగి ఉంటాది. కొట్టేయండి టీచరమ్మా. లేదని రాయండి."

సిరాతో రాసింది దిద్దకూడదని చెప్పాను. ఇది గవర్నమెంటు ఫారం అన్నాను. ఆమె నా మాటలు వినలేదు. మా నడవలో ఉన్న ఆయన సైకిల్ వైపు చూసింది. దాని హ్యాండిల్ వాకిలి వైపే ఉంది, ఎప్పుడూ అట్లాగే పెడతాను.

"మీరేం భయపడరా?" అని అడిగింది.

దేనికి భయం అన్నాను.

11 మే

ఏమీ లేదు. ఉక్క.

12 మే, శుక్రవారం

ఈ మూఢనమ్మకం సంగతేదో తేల్చేద్దామని ఒంటిగంటన్నరకే వసంతమ్మ ఇంటికి వెళ్ళాను. సైకిల్‌ను దగ్గరగా చూశాను. చైను తుప్పు పట్టింది. ముందు చక్రంలో గాలి లేదు. బెల్లుకు పైన ఉండే గిన్నె లేదు, కింద ముక్క మాత్రం ఉంది. గిన్నె లేని బెల్లు ఎట్లా మోగుతుందమ్మా అని ఆమెకు చూపించాను. నేనే హ్యాండిల్ గట్టిగా గోడకు తిప్పాను, చక్రానికి ఒక ఇటుక అడ్డం పెట్టాను. మజ్జిగ ఇచ్చింది. తాగుతూ కూర్చున్నాను.

మూడుసార్లు మోగింది.

వీధి వైపు నుంచే వినిపించింది. గడప దగ్గరికి వెళ్ళి చూశాను. మలుపు దాకా తెల్లటి ఎండ, ఒక్క కుక్క కూడా లేదు. వెనక్కి తిరిగితే వసంతమ్మ కంచంలో అన్నం వడ్డిస్తోంది. ఇటుక పక్కకు జరిగి ఉంది. హ్యాండిల్ వాకిలి వైపు తిరిగి ఉంది.

"పెట్టకపోతే ఎట్లా టీచరమ్మా? వచ్చినాడు గదా," అంది. ఇంకో గరిటె వడ్డించింది.

గోడ పాతది, నేల వాలుగా ఉంది, ఇటుక జారి ఉంటుంది. బెల్లు ఇంకో వీధిలో మోగి ఉంటుంది. ఎండకు శబ్దం దూరం వస్తుంది. రావచ్చు.

అది తెల్ల దారం. నేను కుట్టింది తెల్ల దారంతోనే.

15 మే, సోమవారం

మహిత మోకాలు గీసుకుపోయింది. పరికిణీ అంచుకు గ్రీజు మరక. ఇవి చూసి అర్థం చేసుకోలేనంత మొద్దును కాను. నేను లెక్కలకని బయటికి పోగానే ఇది సైకిల్ తీస్తోందన్నమాట. గాలి కొట్టింది కూడా ఇదే. ఒక పక్క కోపం, ఒక పక్క గుండె కుదుటపడింది. మా ఇంట్లో వింతలేవీ లేవు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు లెక్కలకి పోయినప్పటి నించి."

"అంత పెద్ద సైకిల్ నీకు ఎవరు పట్టుకున్నారు?"

కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది. వీధిలో ఎవరి పేరు చెప్పినా వాళ్ళింటికి పోయి కడిగేద్దామని చూస్తున్నాను.

"నాయన."

చెయ్యి చేసుకున్నాను. పన్నెండేళ్ళలో ఇదే మొదటిసారి. అది ఏడవలేదు, చెంప పట్టుకుని మెల్లగా చెప్పింది.

"నేను చూడలేదుమా. ఎనక క్యారియరు పట్టుకుంటాడు. ఎనక్కి తిరిగి చూడొద్దు, చూస్తే పడతావు అంటాడు. మొన్న కల్వర్టు దాకా పోయినాము. నిన్న రోడ్డు దాకా."

16 మే, మంగళవారం

మహితను నాతోనే తిప్పుకుంటున్నాను. ప్రతి గడప దగ్గరా నా పక్కనే కూర్చోబెడుతున్నాను. తాయమ్మ ఒకసారి దాని మోకాలు చూసింది, ఒకసారి నా ముఖం చూసింది. ఈ రోజు ఆమె నోరు విప్పలేదు. అది మరీ భరించలేకపోయాను.

17 మే

సైకిల్‌కు తాళం వేశాను. తాళంచెవి నా కొంగుకు ముడి వేసుకున్నాను.

18 మే, గురువారం

మధ్యాహ్నం కునుకు పట్టింది. లేచేసరికి నడవలో సైకిల్ లేదు, మహిత లేదు. కొంగున తాళంచెవి ముడి ముడిగానే ఉంది. వీధిలోకి పరిగెత్తాను. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తు లేదు. కల్వర్టు దాటి, పాకాల రోడ్డు మీద మైలు రాయి దగ్గర కనిపించింది. సైకిల్ స్టాండు వేసి, రాయి మీద కూర్చుని ఉంది, ఎవరి కోసమో ఆగినట్టు.

"తాళం ఎట్లా తీశావు?"

"వేసి లేదుమా."

"ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"నాయన ఉండమన్నాడు. నేర్చేసుకున్నావు, ఇంక రేణిగుంట దాకా పోదాము, ఆడ నేనొకడే ఉండా అన్నాడు. అమ్మను అడిగొస్తా అన్నా. అమ్మ రమ్మంటేనే గదా నేను వచ్చింది, ఇంక అడిగేదేముంది అన్నాడు."

సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి వచ్చాము. దారంతా మహిత జబ్బ పట్టుకునే ఉన్నాను. నా చేతి వేళ్ళు దాని జబ్బ మీద అచ్చు పడ్డాయి. మైలున్నర నడకలో నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వెనక చక్రం మాత్రం ఎవరో తోస్తున్నట్టు తేలిగ్గా వచ్చింది.

తాయమ్మ మా వాకిట్లోనే కూర్చుని ఉంది. అంతా చెప్పేశాను. ఎవరికైనా చెప్పకపోతే పిచ్చి పట్టేటట్టుంది.

"ఆయప్ప తప్పేముండాది టీచరమ్మా," అంది. "వసంతమ్మ ఇంట్లో మీరు ఒకసారి అన్నారు, ఆయప్ప అన్నానికి వచ్చినాడు. ఈడ పదమూడు నెలలుగా దినామూ అంటా ఉండారు. ఉండాది, వస్తాడు, ఉండాది, వస్తాడు. పిలస్తా ఉంటే రాక ఏం జేస్తాడు? వచ్చినోడికి ఒంటరిగా తిరిగి పోబుద్ధి అయితాదా?"

"ఆయన చనిపోయాడని ఎవరు చెప్పారు?"

తాయమ్మ నా చెయ్యి పట్టుకుంది. బడి ఊడ్చి ఊడ్చి ఆమె అరచెయ్యి గరుకుగా ఉంది. 

19 మే, శుక్రవారం

కుట్టు డబ్బా తీశాను. పదమూడు నెలలుగా తీయలేదు. చిరిగిన జాకెట్లు ఎదురింటి ఆమెతో కుట్టించుకున్నాను గానీ దీన్ని తీయలేదు.

తెల్ల దారం ఉండ ఖాళీ. నీలం దారం ఉండకు సూది గుచ్చి ఉంది.

ఆ పొద్దున ఆయన తొందరపడుతున్నారు. బస్సు పోతుంది, ఏదో ఒకటి కుట్టు కోమలీ అన్నారు. తెల్లది అయిపోయింది. చొక్కా ఒంటి మీద ఉండగానే నీలం దారంతో కుట్టి పంటితో తెంపాను. ఎవరు చూస్తారులే అన్నాను. ఆయన నవ్వారు.

నేను చూశాను. ఆసుపత్రిలో చూడగానే తెలిసింది. తెలిసి కూడా కాదన్నాను. కాదంటే కాకుండా పోతుందనుకున్నాను. ఆయన్ని, నా గిరిని, దిక్కు లేనివాడిలా ఎవరి చేతుల్లోనో పెట్టి, బస్సెక్కి ఇంటికి వచ్చి బిడ్డకు అన్నం వండి పెట్టాను. ఎక్కడ దహనం చేశారో, చేశారో లేదో కూడా నాకు తెలియదు. ఈ పాపం ఏ ఫారంలో రాయాలి?

నీ కోసం ఏడవను అని మొండికేసి కూర్చున్నాను. ఈ రోజు ఏడ్చాను. మహిత వచ్చి పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. దానికి ఎప్పుడో తెలుసట.

20 మే, శనివారం

గోవిందయ్య సారు దగ్గరికి వెళ్ళి ఒక ఫారంలో తప్పు రాశాను అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వినడం ఆయనకు ఇదే మొదలు.

"ఏం తప్పు టీచరమ్మా?"

"సైకిల్ లేని ఇంటికి ఉందని రాశాను సార్."

"దానికేముండాదమ్మా, కొట్టేసి పక్కన సంతకం పెట్టు."

కొట్టేసి రెండు వేశాను. వసంతమ్మ ఇంటికి వెళ్ళి, గడప ముందు నిలబడి గట్టిగా చదివాను. సైకిల్, లేదు. తరువాత ఇద్దరం రెండున్నర దాకా కూర్చున్నాము. వీధిలో ఏ చప్పుడూ లేదు. వసంతమ్మ అలవాటు కొద్దీ కంచం తీసింది, కాసేపు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ గూట్లో పెట్టేసింది. ఆమె ముఖం చూస్తే సంతోషమని చెప్పలేను.

ఇంటికి వచ్చి నలభై మూడో ఫారం తీశాను. గోడ ఇటుకది. వెలుతురు కరెంటు. నీళ్ళు వీధి కుళాయి. రేడియో ఉంది. టీవీ లేదు. కలం ఆ గడి మీద ఎంతసేపు ఆగిందో. నడవలో ఆకు చప్పుడు కూడా లేదు. ఎవరో ఊపిరి బిగబట్టి నా చేతి వైపు చూస్తున్నట్టుంది.

రెండు వేశాను. పైకి చదివాను.  సైకిల్, లేదు.

లేచి హ్యాండిల్ గోడకు తిప్పాను. పిడులు వెచ్చగా ఉన్నాయి. ఇప్పటిదాకా ఎవరో పట్టుకుని వదిలినంత వెచ్చగా. కాసేపు నేనూ పట్టుకున్నాను.

21 మే, ఆదివారం

పొద్దున ఆరు గంటలకు మహితను లేపాను. ఇంట్లోవాళ్ళు ఎక్కేదాకానే అని తాయమ్మ అంది కదా, ఇద్దరం కలిసి సైకిల్‌ను గోడ నుంచి ఇటు తిప్పాము. దాని కాళ్ళకు అందేటట్టు సీటు దించాను.

"ఎవరు పట్టుకుంటారుమా?"

"నేను పట్టుకుంటాను. వెనక్కి తిరిగి చూడకు."

ఎక్కింది. క్యారియరు పట్టుకుని వెనక పరిగెత్తాను. నలభై ఏళ్ళ మనిషిని, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఊరందరూ చూస్తుండగా పరిగెత్తాను. నా కుడిచెయ్యి పక్కన క్యారియరు మీద ఇంకో చెయ్యి ఉంది. చూడలేదు. చిటికెన వేలికి తగులుతోంది, మణికట్టు దగ్గర చొక్కా గరుకు కూడా తగిలింది. నా అడుగుతో పాటు ఇంకో అడుగు పడుతోంది. ఇద్దరం ఒకే బిడ్డ వెనక పరిగెత్తుతున్నామని తెలుస్తూనే ఉంది, ఇంకొంచెం దూరం, ఇంకొంచెం దూరం అనిపించింది. కల్వర్టు కనిపించింది. అది దాటితే పాకాల రోడ్డు.

"గిరీ, చాలు. వదిలేద్దాం," అన్నాను.

నేను వదిలేశాను. ఒకటి, రెండు, మూడు అడుగుల దాకా సైకిల్ వెనక ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు వినిపించింది. తరువాత చైను చప్పుడు ఒక్కటే మిగిలింది.

మహిత పడలేదు. కల్వర్టు దాకా వెళ్ళి, తనంతట తనే తిప్పుకుని, నా వైపుకు తొక్కుకుంటూ వచ్చింది.

12 జూన్, సోమవారం

బళ్ళు తెరిచారు. మహిత ఎనిమిదిన్నరకు పాకాలకు బయలుదేరింది, సైకిల్ మీద. గవర్నమెంటు లెక్కలో మా ఇంటికి సైకిల్ లేదు.